రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిన ఫోర్ బై ఫోర్ స్కార్పియోను తక్కువకు పోగొట్టుకోకుండా అమ్మడం ఎలా?

నమస్తే అండి. మీ ప్రశ్న చదివాను. మీది 2012 మోడల్ స్కార్పియో వీఎల్‌ఎక్స్, ఎంహాక్ డీజిల్ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్, అంటే అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ బై ఫోర్. ఏపీ 03 నంబరు, మొదటి ఓనర్ మీరే. మీటరు 2,60,000 కిలోమీటర్లు చూపిస్తోంది. సర్వీసు ఎప్పుడూ తప్పలేదు, బిల్లులన్నీ దాచారు. తిరుపతిలో పాత కార్లు కొని అమ్మే రెండు కన్సల్టెన్సీలకు తీసుకెళ్తే మీటరు చూసి పెదవి విరిచారు, వాళ్లు చెప్పిన రేటుకు మీకు మనసొప్పలేదు. ఆన్‌లైన్‌లో కార్లు కొనే కంపెనీ ఒకటి అసలు రేటే చెప్పలేదు. మీటరు లక్షన్నరకు దించేస్తే ఇట్టే అమ్ముడుపోతుందని తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు. ఇప్పుడు ఏం చేయాలో చెప్పమన్నారు.

నేను చాలా ఏళ్లుగా ఈ చుట్టుపక్కల జీపులతోనూ ఫోర్ బై ఫోర్ బళ్లతోనూ ఉన్నవాణ్ని. షెడ్డులో పని చేశాను, కొన్నాను, తెలిసినవాళ్లవి అమ్మిపెట్టాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక మాట. మీ బండికి ఏమీ కాలేదు, చూపించిన చోటే తప్పు. కన్సల్టెన్సీ వాళ్ల దగ్గరికి వచ్చేది ఎక్కువగా కుటుంబానికి చిన్న కారు కావాలనుకునేవాళ్లు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని, రెండోది మైలేజీ ఎంత ఇస్తుందని. మీ బండి ఆ రెండు ప్రశ్నల్లోనూ ఓడిపోతుంది. పైగా కన్సల్టెన్సీ ఆయన డబ్బు పెట్టి బండి కొని నెలల తరబడి షెడ్డులో పెట్టుకోలేడు. అందుకే తనకు భయం లేని రేటు చెప్తాడు. అది మోసం కాదు, వాళ్ల వ్యాపారం అలాంటిది. ఆన్‌లైన్ కంపెనీలు మోడల్ సంవత్సరం, కిలోమీటర్లు వేసుకుని లెక్క కడతాయి. గేరు లివరు పక్కనున్న ఫోర్ వీల్ నాబ్‌కు ఆ లెక్కలో విలువ లేదు.

మీ బండి కొనేవాడు వేరే ఉన్నాడు. అలాంటివాళ్లు తక్కువమందే ఉంటారు, కానీ ఉన్నవాళ్లకు ఈ బండి నిజంగా అవసరం. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున పొలాలున్నవాళ్లు, గుట్ట వాలులో మామిడి తోటలున్నవాళ్లు, గ్రానైట్ క్వారీలకు రోజూ తిరిగేవాళ్లు, తలకోన, భాకరాపేట చుట్టుపక్కల ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్లు. వానాకాలంలో మట్టి రోడ్డు మీద టూ వీల్ డ్రైవ్ బండి ఇరుక్కుపోతే ట్రాక్టరు కోసం ఎదురుచూసిన మనిషి మీ మీటరు చూసి భయపడడు. ఇంజిన్ బాగుందా, ముందు చక్రాలు పట్టుకుంటున్నాయా, పేపర్లు సరిగ్గా ఉన్నాయా, ఇవే అడుగుతాడు. కొత్త ఫోర్ బై ఫోర్ ధర అతనికి అందదు, మీ బండి అందుతుంది. మనం రేటు కట్టాల్సింది అతన్ని మనసులో పెట్టుకుని.

మీటరు సంగతి ఇక్కడే తేల్చేద్దాం. దాన్ని ముట్టుకోకండి. మీటరు దించి అమ్మడం చీటింగ్, కేసు అవుతుంది. పైగా మీకే నష్టం. మీ బలమంతా ఆ బిల్లుల ఫైలులో ఉంది. ప్రతి బిల్లు మీదా ఆ రోజు రీడింగ్ రాసి ఉంటుంది, షోరూమ్ కంప్యూటర్‌లోనూ ఉంటుంది. మీటరు దించితే ఫైలు దాచేయాలి. ఫైలు లేని 2012 స్కార్పియోలు చిత్తూరు జిల్లాలో బోలెడు, అప్పుడు మీది వాటిలో ఒకటైపోతుంది. అదీగాక పదమూడేళ్లలో రెండు లక్షల అరవై వేలంటే ఏడాదికి ఇరవై వేలు. డీజిల్ బండికి అది ఎక్కువ కానే కాదు. హైవే మీద సాఫీగా తిరిగిన రెండున్నర లక్షల బండి ఇంజిన్, ఊళ్లో ఫస్టూ సెకండూ గేర్లలో నలిగిన లక్ష కిలోమీటర్ల బండి కంటే బాగుండటం నేను చాలాసార్లు చూశాను. ప్రకటనలో మొదటి లైన్‌లోనే 2,60,000 అని వేయండి. మీటరుకు జడిసేవాళ్లు ఫోన్ చేయరు, మీ టైమూ మిగులుతుంది.

ఇక ఫైలు. బిల్లుల కట్ట అలాగే చేతిలో పెడితే ఎవరూ చదవరు. ఒక తెల్ల కాగితం మీద మీ చేత్తోనే రాయండి: ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చారు. ఇంజిన్ ఆయిల్ మార్పులన్నీ రాయక్కర్లేదు, "ప్రతి పది వేలకు" అంటే చాలు. పెద్ద పనులు మాత్రం విడివిడిగా రాయండి. క్లచ్ ప్లేటు ఎప్పుడు మార్చారు, టర్బో ముట్టుకున్నారా, ఇంజెక్టర్లు చెక్ చేయించారా, వాటర్ పంప్, రేడియేటర్, ముందు సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు. అన్నిటికంటే ముఖ్యంగా గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఆక్సిల్‌లకు శక్తిని పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (ఆక్సిల్ మధ్యలో రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్లు), ఈ నాలుగింటి ఆయిల్ ఎప్పుడు మార్చారో రాయండి. ట్రాన్స్‌ఫర్ కేసులో వేరే ఆయిల్ ఉంటుందన్న సంగతి చాలామంది ఓనర్లకే తెలియదు. ఆ లైన్ మీ కాగితంలో ఉంటే తెలిసిన కొనుగోలుదారుడు అక్కడే ఆగి మీ ముఖం చూస్తాడు. ఒకవేళ మార్చి చాలా కాలమైతే ఇప్పుడే మార్పించి బిల్లు తీసుకోండి. ఖర్చు తక్కువ, దానివల్ల వచ్చే నమ్మకం ఎక్కువ.

అదే కాగితం కింద భాగంలో బండిలో ఉన్న లోపాలు రాయండి. వెనక ఏసీ చల్లదనం తగ్గిందా, డ్రైవర్ సీటు కవరు చిరిగిందా, ఎడమ డోరుకు గీత ఉందా, అన్నీ. ఒకసారి నేను అమ్మిపెడుతున్న వేరొకరి బండి చూడటానికి పలమనేరు వైపు నుంచి ఒక రైతు వచ్చారు. లుంగీ ఎగ్గట్టి నేల మీద పడుకుని ఫోన్ లైటుతో ముందు ఆక్సిల్ అంతా వెతికారు. డిఫరెన్షియల్ హౌసింగ్ మీద వేలు పెట్టి రుద్ది, ఆ వేలిని వెలుతురులో చూసుకున్నారు. ఆయిల్ తడి కొంచెం తగిలింది. లేచి మమ్మల్ని ఏమీ అడగకుండా కాగితం తీసుకుని చదివారు. "ముందు పినియన్ సీల్ దగ్గర కొద్దిగా చెమ్మ ఉంది" అని ఓనర్ అందులో ముందే రాసి ఉన్నారు. ఆ రైతు బేరంలో ఆ సీలు మాటే ఎత్తలేదు. మనం చెప్పిన లోపానికి పోయేది ఆ పని ఖర్చు వరకే. వాళ్లే కనిపెట్టిన లోపమైతే బండి మొత్తం మీద అనుమానం పడుతుంది.

ఇప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్. మీ బండి విలువంతా దీని మీదే నిలబడి ఉంది, కాబట్టి అమ్మకానికి పెట్టే ముందు అది నిజంగా పనిచేస్తోందని మీకు తెలియాలి. ఎప్పుడూ వాడని ఓనర్ల బళ్లలో తరచుగా కనిపించే జబ్బు ఒకటుంది: నాబ్ తిప్పితే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, ముందు చక్రాలకు మాత్రం శక్తి వెళ్లదు. ఫోర్ వీల్‌కు మార్చే షిఫ్ట్ మోటారు బిగుసుకుపోయి ఉండొచ్చు, వైరింగ్ కప్లర్‌లో తుప్పు ఉండొచ్చు. బండిని గుల్ల మట్టి ఉన్న చేనులోకి తీసుకెళ్లండి. ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు వేగం) వేసి మెల్లగా కదిలిస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి ముందు చక్రాలు మట్టిని తవ్వుతున్నాయో లేదో చూడాలి. తర్వాత బండిని పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఫోర్ లోకు (నాలుగు చక్రాలకూ శక్తి, తక్కువ వేగం, ఎక్కువ బలం) మార్చండి. లో గేరు పడితే, ఫస్టు గేరు వేసి క్లచ్ వదలగానే బండి నిదానంగా, బలంగా పాకుతుంది, తేడా వెంటనే తెలుస్తుంది. మళ్లీ టూ హైకి (వెనక చక్రాలకే శక్తి) తేవడం కూడా చూడాలి, కొన్ని బళ్లు వెళ్తాయి గానీ తిరిగి రావు. అలా ఇరుక్కుంటే షెడ్డులో చూపించాల్సిందే.

చూడటానికి వచ్చినవాళ్లు తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి చూస్తామంటారు. ఒప్పుకోకండి, ఎందుకో కూడా చెప్పండి. ఈ రకం బళ్లలో ఫోర్ హై వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద, జాయింట్ల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కి బండి ఎవరో పట్టుకుని లాగినట్టు అవుతుంది. తెలియనివాడు దాన్ని చూసి బండి పాడైందనుకుని వెళ్లిపోతాడు. మీకు తెలిసిన మట్టి స్థలం ఒకటి ముందే చూసి పెట్టుకుని అక్కడికే తీసుకెళ్లండి.

ఫోర్ బై ఫోర్‌కు టైర్లు కూడా లెక్కలోకి వస్తాయి. నాలుగూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు గుండువి అయితే తెలిసినవాడు ఒప్పుకోడు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు లోతుగా ఉన్నా టైరు ముసలిదైతే కొనేవాడు రేటు తగ్గిస్తాడు, అది న్యాయమే. అలాగని అమ్మడం కోసం కొత్త టైర్లు వేయించకండి. పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి రాదు. "టైర్లు మీరే మార్చుకోవాలి, అది చూసే రేటు చెప్తున్నాను" అనండి, సరిపోతుంది.

రిపేర్ల విషయంలో నా లెక్క ఇది. బ్రేకులు, లైట్లు, వైపర్లు, హారన్, బ్యాటరీ, డోరు తాళాలు, ఇలాంటి చిన్నవన్నీ బాగుచేయించండి. డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైటు ఏదైనా వెలుగుతుంటే కారణం తెలుసుకుని తీయించండి. పెయింటు జోలికి మాత్రం వెళ్లకండి. పదమూడేళ్ల బండికి తళతళలాడే కొత్త పెయింటు చూస్తే యాక్సిడెంట్ అయిందేమోనని అనుమానిస్తారు. అమ్మే ముందు అడుగున నల్ల కోటింగ్ కొట్టించడం ఇంకా చెడ్డది, తుప్పు దాస్తున్నారని అనుకుంటారు. నీళ్లతో మట్టి కడిగించి, ఛాసిస్ ఉన్నది ఉన్నట్టు చూపించండి. ఇంజిన్‌ను కూడా తుడవండి చాలు, షాంపూ పెట్టి కడిగిస్తే ఆయిల్ లీకు కనపడకుండా చేశారనే మాట వస్తుంది.

తిరుపతి బండి కాబట్టి ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2021 నవంబరు వరదల్లో మీ బండి ఎక్కడుంది? అప్పుడు ఊళ్లో చాలా వీధులు మునిగాయి, సెల్లార్లలో కార్లు నీళ్లలో నానాయి. ఆ సంగతి బెంగళూరు, చెన్నై వాళ్లకు కూడా గుర్తుంది. మీ బండి నీళ్లలో లేకపోతే ఆ మాట గట్టిగా చెప్పి చూపించండి కూడా. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద మరక ఉండకూడదు. కార్పెట్ ఎత్తితే సీటు బోల్టులకు తుప్పు కనపడకూడదు. ఒకవేళ నీళ్లు వచ్చి ఉంటే ఎంతవరకు వచ్చాయో, తర్వాత ఏం పని చేయించారో దాచకుండా చెప్పండి.

రేటు గురించి మీరు సూటిగా అంకె అడిగారు. బండి చూడకుండా నేను అంకె చెప్పను, చెప్పినా దానికి విలువ ఉండదు. కానీ మీరే ఎలా తేల్చుకోవాలో చెప్తాను. అదే సంవత్సరం, అదే మోడల్ టూ వీల్ డ్రైవ్ స్కార్పియోలు మన ప్రాంతంలో ఎంతకు పోతున్నాయో ముందు చూడండి. అది మీ కనీస రేటు. దాని కిందికి దిగాల్సిన పని లేదు. తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ ప్రకటనలు ఎక్కడున్నా వెతకండి. ప్రకటనలో వేసిన రేటు అమ్మేవాడి ఆశ, అమ్ముడైన రేటు కాదు. నెలకు పైగా అలాగే ఉన్న ప్రకటన చూస్తే ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చారన్నా?" అని మర్యాదగా అడగండి, చాలామంది నిజమే చెప్తారు. కర్ణాటక, తమిళనాడు నంబరు బళ్ల రేట్లతో మాత్రం పోల్చుకోకండి, అక్కడి ట్యాక్సు వేరు, అది రేటులో కలిసి ఉంటుంది. ఇవన్నీ చూశాక మూడు అంకెలు రాసుకోండి: ప్రకటనలో వేసేది, సంతోషంగా ఇచ్చేసేది, ఇంతకంటే తగ్గితే బండి ఇంట్లోనే ఉంటుంది అనేది. మూడోది ఇంట్లోవాళ్లతో మాట్లాడి ముందే నిర్ణయించుకోండి, బేరం మధ్యలో మార్చకండి.

15 ఏళ్లు దాటితే బండి తుక్కే కదా అంటూ రేటు తగ్గించేవాళ్లు వస్తారు. పదేళ్ల డీజిల్ బండి తిరగకూడదనే కట్టుబాటు ఢిల్లీ చుట్టుపక్కల సంగతి, మన ఆంధ్రలో లేదు. 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రద్దు చేయడమన్నది ప్రభుత్వ వాహనాలకు పెట్టిన నియమం. సొంత బండికి 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. కారుకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, దీనికి గ్రీన్ ట్యాక్స్ కలుస్తుంది. మీ ఆర్సీ గడువు 2027లో తీరుతుంది. గడువుకు 60 రోజుల లోపే రెన్యువల్‌కు దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి మీరు ముందుగా చేయించి అమ్మడం కుదరదు. ఆ ఖర్చు కొనేవాడి మీద పడుతుంది, దానికి తగ్గట్టు కొంచెం వదలాల్సి వస్తే వదలండి. గడువు దగ్గరపడేకొద్దీ బేరం వాళ్ల వైపు మొగ్గుతుంది, అందుకే ఇంకా ఆలస్యం చేయకండి.

ప్రకటనలో ఫోటోలు ముఖ్యం. ముందు, వెనక, రెండు పక్కలు ఎవరైనా పెడతారు. మీరు ఫోర్ వీల్ నాబ్, మీటరు రీడింగ్, ముందు ఆక్సిల్, ఛాసిస్ అడుగుభాగం, నాలుగు టైర్లు, బిల్లుల ఫైలు కూడా పెట్టండి. మట్టిలో ముందు చక్రాలు లాగుతున్న చిన్న వీడియో ఒకటి తీయండి, పది మాటలు చెప్పక్కర్లేదు. నంబరు ప్లేటును కప్పి పెట్టండి. ఆర్సీ ఫోటో నెట్‌లో పెట్టొద్దు. "మంచి కండిషన్, షోరూమ్ లాంటి బండి" అనే మాటలు ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి, ఎవరూ నమ్మరు. "ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ మార్చిన బిల్లు ఉంది, క్లచ్ రెండు లక్షల పది వేల దగ్గర మార్చాం" లాంటి లైన్ రాస్తే కావాల్సినవాడు ఆగుతాడు. అమ్మకపు సైట్లతో పాటు బెంగళూరు, చెన్నై ఆఫ్‌రోడ్ గ్రూపుల్లోనూ పెట్టండి. మీరు ఏళ్లుగా సర్వీసు చేయించిన మెకానిక్‌కు కూడా చెప్పండి, నా అనుభవంలో పాత ఫోర్ బై ఫోర్‌లు ఎక్కువగా ఆ దారిలోనే చేతులు మారతాయి. అమ్ముడైతే అతనికి కమీషన్ ఇస్తానని ముందే చెప్పండి, ఇవ్వండి.

ఆషాఢంలో పెట్టకండి, ఫోన్లు రావు. శ్రావణం నుంచి దసరా దాకా మంచి కాలం.

చూడటానికి ఎవరైనా వస్తున్నారంటే ఆ రోజు పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను వాళ్ల ముందే స్టార్ట్ చేయాలి. ముందే వేడెక్కించిన బండిని తెలిసినవాడు నమ్మడు, బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుని, మొదట కొద్దిగా పొగ వచ్చి ఆగిపోతే ఆందోళన లేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం, దాన్ని దాచలేరు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూపించమంటారు, తీయండి. టెస్ట్ డ్రైవ్‌కు నేనైతే భాకరాపేట ఘాట్ చెప్తాను, చిత్తూరు వైపు వాళ్లయితే మొగిలి ఘాట్. ఏసీ వేసి, మనుషులతో ఘాట్ ఎక్కినా టెంపరేచర్ ముల్లు కదలకపోతే, క్లచ్ జారకపోతే, రెండు లక్షల అరవై వేల గురించి ఇంకెవరూ మాట్లాడరు. వాళ్ల లైసెన్సు చూసి, ఫోటో తీసుకుని, మీరు పక్క సీట్లో కూర్చున్నాకే తాళం ఇవ్వండి. మెకానిక్‌ను తెచ్చుకుంటామంటే సంతోషంగా రమ్మనండి.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం. మన ప్రాంతంలో ఫోర్ బై ఫోర్ అమ్మేవాళ్లు దీన్ని ఎంతమాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. శేషాచలం పక్కన బతుకుతున్నాం. ఎర్రచందనం రవాణాలో పట్టుబడే బళ్ల సంగతి మీకు కొత్త కాదు. కొండదారిలో లాగే బండి ఏదైనా ఆ పని చేసేవాళ్లకు పనికొస్తుంది, పేరు మారని పాత బండి అయితే మరీ. బండి పట్టుబడిన రోజున పోలీసులు, అటవీ శాఖ వాళ్లు ముందు చూసేది ఆర్సీలో ఎవరి పేరుందని. ఎప్పుడో అమ్మేశానని చెప్పి, చేతిలో కాగితం లేక స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగినవాళ్లను నేను చూశాను. బండి పోయింది, డబ్బు ఎప్పుడో ఖర్చయింది, మిగిలింది టెన్షన్ ఒక్కటే. యాక్సిడెంట్ విషయంలోనూ అంతే. అమ్మినా పేరు మార్చకపోతే ఆర్సీలో ఉన్నవాడే ఓనర్, నష్టపరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

కాబట్టి "పేరు తర్వాత మార్చుకుంటాను, మీరు సంతకాలు పెట్టి ఇవ్వండి" అనేవాడికి, ఎంత రేటు ఇస్తానన్నా, బండి ఇవ్వకండి. ఖాళీ ఫారాల మీద సంతకం అస్సలు వద్దు. అమ్మినట్టు తెలిపే ఫారం 29, యాజమాన్య బదిలీకి ఫారం 30, రెండింటిలోనూ కొనేవాడి పేరు, చిరునామా, తేదీ నిండాకే సంతకం చేయండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోపు మీరు ఆర్టీవోకు తెలియజేయాలని, 30 రోజుల్లోపు కొన్నాయన పేరు మార్పించుకోవాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది. నా సలహా అయితే అంతదాకా ఆగకుండా ఇద్దరూ కలిసి కూర్చుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేశాకే తాళాలు ఇవ్వండి. ఓటీపీ ఆర్సీకి లింకైన ఫోన్ నంబరుకే వస్తుంది. 2012లో ఇచ్చిన నంబరు ఇప్పుడు మీ దగ్గర లేకపోతే ముందు దాన్ని మార్పించండి, లేదంటే అన్నీ కుదిరాక అక్కడ ఆగిపోతారు. పాత లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోయిందేమో చూడండి. ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తెచ్చి తీయించాలి, దానికి సమయం పడుతుంది. చలానాలు ఏమైనా ఉంటే కట్టేయండి.

కొనేవాడు వేలూరు, కోలారు వైపు నుంచి వస్తే ఫారం 28తో ఎన్‌వోసీ తీయాలి. అక్కడ అతను మళ్లీ రోడ్డు ట్యాక్స్ కట్టాలి, అది ఎంతో అతను ముందే కనుక్కుని రావాలి. లేకపోతే ఆ భారం మీ రేటు మీదకు తెస్తాడు, లేదా ట్యాక్స్ కట్టడం ఇష్టం లేక మీ పేరు మీదే తిప్పుతాడు. రెండోది మరీ ప్రమాదం. అదే రేటుకు మన జిల్లా మనిషి దొరికితే నేను అతనికే ఇస్తాను, కొంచెం తగ్గినా సరే.

బండి అప్పగించే రోజు డెలివరీ నోట్ రాసుకోండి. బండి నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రీడింగ్, రేటు, తేదీతో పాటు గంటా నిమిషం కూడా రాయాలి. ఈ క్షణం నుంచి బండికి సంబంధించిన బాధ్యత కొన్నాయనదేనని రాసి, ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేయాలి. ఆధార్ కాపీ, బండి పక్కన అతని ఫోటో తీసుకోండి. మంచివాడెవడూ దీనికి కోపగించుకోడు. పేరు మారిన ఆర్సీ కంటితో చూసేదాకా ఆ కాగితాలు భద్రంగా ఉంచండి.

డబ్బు విషయంలో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, తీసుకున్నవాడికే అంత మొత్తం పెనాల్టీ పడుతుంది. కాబట్టి ఆర్‌టీజీఎస్ చేయించుకోండి. స్క్రీన్‌షాట్ చూసి నమ్మకండి, మీ ఖాతాలో పడిందని మీ బ్యాంకు యాప్‌లో చూసుకోండి. మిలటరీలో పనిచేస్తున్నాను, బండి చూడక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అడ్వాన్స్ పడుతుందనే ఫోన్ వస్తే వెంటనే కట్ చేసేయండి. డబ్బు తీసుకోవడానికి ఎవరూ స్కాన్ చేయక్కర్లేదు.

ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనిషిది, బండిది కాదు. పేరు మారాక కంపెనీ నుంచి ఆ లెటరు తీసుకుంటే మూడేళ్లలోపు కొనే మీ కొత్త బండికి వాడుకోవచ్చు. పాలసీని తన పేరుకు మార్చుకోవడానికి కొన్నాయన 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి, ఆ మాట చెప్పి పంపండి. ఫాస్టాగ్ క్లోజ్ చేయించి స్టిక్కరు చింపేయండి, లేకపోతే ఆ బండి టోల్‌గేటు దాటిన ప్రతిసారీ మీ ఫోన్ మోగుతుంది.

మీ ప్రశ్న చివర్లో, కొత్త బండికి ఎక్స్‌ఛేంజ్ ఇచ్చేస్తే పోతుందా అని కూడా అడిగారు. పని తేలిక, ఒప్పుకుంటాను. కానీ అక్కడా మీటరు, మోడల్ చూసే రేటు కడతారు. ఎక్స్‌ఛేంజ్ బోనస్ కలిపినా మీ బండికి బయట వచ్చేదాని కంటే తక్కువే రావచ్చు. వాళ్ల అంకె రాయించుకుని జేబులో పెట్టుకోండి, దాన్ని చివరి దారిగా ఉంచుకోండి. ఇచ్చినా సరే, పేరు ఎవరి మీదకు, ఎప్పుడు మారుస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి.

ముందు ఈ వారం చేనులో ఫోర్ వీల్ టెస్ట్ చేయండి. ఫలితంతో పాటు ముందు ఆక్సిల్, ఛాసిస్ అడుగుభాగం ఫోటోలు, మీ సర్వీసు కాగితం ఇక్కడ పెట్టండి. అవి చూశాక రేటు విషయంలో నాకు తోచింది చెప్తాను. పెద్దపంజాణి, వి.కోట వైపు తోటలున్న ఒకరిద్దరు ఇలాంటి బండి కోసమే అడుగుతున్నారు, మీకు ఇష్టమైతే వాళ్లకు చెప్పి చూస్తాను.